విపత్తు తరువాతి విపత్తు: టెలివిజన్ నాటకము నేర్పు పాఠము

వరదగాని, తుఫానుగాని వచ్చినపుడు ఆనాటి నష్టము అందరికిని కనబడును. కాని బావినీటిలో, పొలము మట్టిలో, పసిబిడ్డల దేహములలో ఏండ్ల తరబడి దాగియుండు నష్టము కనబడదు. దానిని కన్నులకు కట్టించుటకు టెలివిజన్ నాటకము మంచి సాధనమని మేము తలంచుచున్నాము.

1986 ఏప్రిల్ 26న సోవియట్ దేశమందలి చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రమున ప్రేలుడు సంభవించెను. ఆ కథను 2019లో ఐదు భాగముల నాటకముగా చూపిరి. అందు ఇల్లు విడువనన్న వృద్ధురాలి ఆవును సైనికుడు కాల్చివేయును. చూచువారికి ఇది క్రూరముగా తోచును. కాని కలుషితమైన గడ్డిని మేసిన ఆవుల పాలు త్రాగిన పిల్లలలో అనేకులకు తరువాతి ఏండ్లలో థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినమాట వాస్తవము. అయితే నాటకములోని సమస్తమును చరిత్ర కాదు. అందలి శాస్త్రజ్ఞురాలు ఉలానా ఖోమ్యుక్ కల్పిత పాత్ర.

2023లో వచ్చిన ‘ది రైల్వే మెన్’ అను నాలుగు భాగముల నాటకము 1984 డిసెంబరు 2 నాటి రాత్రి భోపాల్‌లో విషవాయువు వెలువడిన ఘోరమును చూపును. నాటకము ప్రధానముగా ఆ ఒక్క రాత్రి కథ; ప్రజల కష్టము మాత్రము ఒక్క రాత్రితో తీరలేదు. కర్మాగారము చుట్టుప్రక్కల భూగర్భజలము చెడెను. అందలి 337 టన్నుల వ్యర్థములను తరలించుటకు 2025 జనవరి వరకు పట్టెను.

మన సంగతి చూతము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన పొలములలో ఉప్పును విడిచిపోయెను. 2025 ఆగస్టు చివర కామారెడ్డి ప్రాంతమున కుండపోత వర్షములు కురిసెను. కంఠేశ్వర్ మొదలు బోధన్ వరకు, మంజీర గోదావరిలో కలియు కందకుర్తి వరకు గల గ్రామములకు ఇది పరాయి మాట కాదు. వరద తీసిన పిమ్మట పొలమున ఇసుక మేట, రైతునకు అప్పు మిగులును. ఒకమారు నాటిన చెరకు దుబ్బుల నుండి మరుసటి ఏడును పంట తీయువానికి నష్టము రెండేండ్లది.

కావున పంచాయతీ సభ్యులు ఇట్టి నాటకమును గ్రామస్థులతో కూడి చూచి, ఈ మూడు ప్రశ్నలను చర్చింపవలెను: ఆనాడు నష్టపడినదెవరు? పదేండ్లకు నష్టపడినదెవరు? ముందుగా ఏమి చేసియున్న వారు రక్షింపబడెడివారు? పిదప వరద సోకిన బావులు, మేటపడిన పొలములు, బడి మానిన పిల్లలు, అప్పుపడిన కుటుంబములు, వీని వివరములను ఒక రిజిస్టరులో వ్రాసి, ఏటేట గ్రామసభలో చదివించవలెను. త్రాగునీటిని పరీక్ష చేయించవలెను. సహాయము పంచుటతో మన విధి ముగియదు. వరదను జనులు మరచిన పిమ్మటనే పంచాయతీ పని మొదలగును.