మట్టి చదువు

మన సిరోంచ ప్రాంతంలో వరి, పత్తి, మిరప పండిస్తారు. ఏ చేను మిరపకు పనికివస్తుందో, ఏ మడిలో నీరు నిలుస్తుందో పొలం పనులకు వెళ్లే పిల్లలకు ఎవరూ నేర్పకుండానే తెలుస్తుంది. నల్లరేగడి ఎండితే నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే కాలికి అంటుకుంటుంది. చెల్క నేల తొందరగా ఆరిపోతుంది. దుబ్బ నేలలో నీరు నిలవదు. ఈ మాటలు మన పెద్దలవే అయినా, వ్యవసాయ కళాశాల పుస్తకాలలోనూ కనిపిస్తాయి. ఆంగ్ల భూగోళ గ్రంథాలలో నల్లనేలను 'రేగూర్' అంటారు. అది మన 'రేగడ' నుండి వెళ్లిన మాటే.

మరి బడిలో ఉండగానే నేర్చుకున్న ఈ విద్య కళాశాలలో లెక్కకు వస్తుందా? అది తెలియాలంటే ముందు 'క్రెడిట్' అంటే ఏమిటో తెలియాలి.

క్రెడిట్ అనేది చదువుకు కొలత. ధాన్యాన్ని కుంచాలతో కొలిచినట్లు చదువును గంటలతో కొలుస్తారు. వ్యవసాయ డిగ్రీలో మృత్తికాశాస్త్ర ప్రాథమికాంశాలు అనే కోర్సు ఉంది. 2017 నాటి జాతీయ పాఠ్యప్రణాళికలో దాని విలువ 3 క్రెడిట్లు. దానిని 2+1 అని రాస్తారు. వారానికి రెండు గంటల పాఠానికి 2 క్రెడిట్లు, రెండు గంటల ప్రయోగానికి 1 క్రెడిట్. అంటే ప్రయోగశాలలో రెండు గంటలు పనిచేస్తే పాఠం విన్న ఒక గంటతో సమానం. మట్టి తవ్వేవారికి ఇది కొంచెం తక్కువ లెక్క అనిపించినా, పద్ధతి అది.

అమెరికాలో చాలాచోట్ల ఉన్నత పాఠశాల విద్యార్థి కళాశాల కోర్సు ఒకటి బడిలో ఉండగానే చదవవచ్చు. మొక్కల శాస్త్రం, నేలల శాస్త్రం కూడా అలా చదివేవారున్నారు. ఉత్తీర్ణులైతే ఆ క్రెడిట్లు తరువాత చేరే కళాశాల అంగీకరించినప్పుడు డిగ్రీలో కలుస్తాయి. ఆ మేరకు ఫీజూ కాలమూ మిగులుతాయి.

మన దేశంలో 2023లో జాతీయ క్రెడిట్ విధానం వెలువడింది. దాని ప్రకారం ఏడాదికి 1200 గంటల అభ్యసనం, 40 క్రెడిట్లు. బడి చదువుకూ క్రెడిట్లు ఇవ్వవచ్చని అందులో ఉంది. అయితే పన్నెండో తరగతిది నాలుగో స్థాయి, డిగ్రీ మొదటి సంవత్సరానిది నాలుగున్నర స్థాయి. కనుక బడిలో చేసిన పని కళాశాల కోర్సుకు దానంతటదే బదులు కాదు. ఈ భేదం తెలియక ఆశపడితే ఒక ఏడాది నష్టపోవచ్చు.

గోదావరి అవతల మరొక దారి ఉంది. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో ఏర్పడింది. 1996లో దానికి ఆచార్య ఎన్.జి.రంగా పేరు పెట్టారు. 2014లో తెలంగాణకు వేరే వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చింది. ఈ రెండింటి పరిధిలోని పాలిటెక్నిక్‌లలో పదో తరగతి తరువాత రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా ఉంది. అది పూర్తిచేసినవారు అగ్రిసెట్ రాసి డిగ్రీలో చేరవచ్చు. కాని నాలుగేళ్ల డిగ్రీని మొదటి నుండే చదవాలి. రెండేళ్లు మట్టిని చదివినవారు మళ్లీ మట్టి మొదటి పాఠం వినడం వృథా కాదా? కొంత వృథాయే. ఇంకొక సంగతి. ఆ సీట్లు ప్రధానంగా ఆయా రాష్ట్రాల స్థానికులకే. మన భాష తెలుగే అయినా, మన స్థానికత మహారాష్ట్రది. కాబట్టి దరఖాస్తుకు ముందే నియమాలు చదవాలి.

మనకు దగ్గరి దారి విదర్భ అంతటికీ చెందిన డాక్టర్ పంజాబ్‌రావు దేశ్‌ముఖ్ కృషి విద్యాపీఠం. అది 1969లో అకోలాలో ఏర్పడింది. పన్నెండో తరగతిలో విజ్ఞానశాస్త్రం చదివి, రాష్ట్ర ప్రవేశపరీక్ష రాసి దాని డిగ్రీలో చేరవచ్చు. గడ్చిరోలి దగ్గర సోనాపూర్‌లో కృషి విజ్ఞాన కేంద్రం కూడా ఉంది.

క్రెడిట్ వచ్చినా రాకపోయినా ఆ కోర్సులోని మొదటి ప్రయోగాలను మీరు ఇప్పుడే చేయవచ్చు. చేనులో ఎనిమిది, పది చోట్ల పైనున్న చెత్త తొలగించి, 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీయండి. గుంట ప్రక్క నుండి పై నుంచి కింది వరకు ఒకే మందంలో మట్టిపొర కోయండి. గట్ల మీద, చెట్ల కింద, పెంటకుప్ప ప్రక్కన తీయవద్దు. అక్కడి మట్టి చేను సంగతి చెప్పదు. అన్నీ కలిపి గుండ్రంగా పరచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసివేయండి. అర కిలో మిగిలేవరకు ఇలాగే చేసి నీడలో ఆరబెట్టండి. పరీక్షకు పంపవలసిన నమూనా అదే.

దానిలో నుండి గుప్పెడు మట్టిని సీసాలో వేసి నీరు పోసి బాగా కుదిపి కదలకుండా ఉంచండి. నిమిషంలోపే ఇసుక అడుగుకు చేరుతుంది. గంటల మీద ఒండ్రు దిగుతుంది. బంకమట్టి దిగడానికి ఒక రోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. పొరల మందం కొలిచి, తేదీ, చేను పేరు, ముందు వేసిన పంట నోటుపుస్తకంలో రాయండి.

ప్రతి మాటకూ మూడు పేర్లు రాయడం మరవవద్దు. ఇసుక మరాఠీలో వాళూ, ఆంగ్లంలో శాండ్. ఒండ్రు గాళ్, సిల్ట్. బంకమట్టి చికణ్ మాతీ, క్లే. సోనాపూర్‌లో అడిగేటప్పుడు రెండో పేరు, డిగ్రీ తరగతిలో మూడో పేరు కావాలి. చేనులో నాన్నగారితో మాట్లాడేటప్పుడు మొదటి పేరు చాలు.