అడక్కుండా వచ్చే సాయం

విజయనగరం

అమ్మలూ,

ఒక్క సంచీ వీపున తగిలించుకుని యూరప్ తిరిగొస్తానంటున్నావని మీ అమ్మ గాబరాగా ఫోన్ చేసింది. నేను ఆపుతాననుకుంది కాబోలు. ఆపను. వీసా వచ్చింది, టికెట్టు కొన్నావు. తెలిసినవి నాలుగు రాస్తాను, పనికొచ్చినవి ఉంచుకో.

మనవైపు అలవాటు ఒకటి అక్కడ తిరగబడుతుంది. శ్రీకాకుళం కాంప్లెక్సులో దిక్కులు చూస్తూ నిలబడితే పక్కనున్న ముసలమ్మ తనే అడుగుతుంది, "ఏ ఊరమ్మా, ఎవలింటికి?" అని. కళింగపట్నం బస్సు ఎక్కడ ఆగుతుందో చూపిస్తుంది. నీకు పెళ్ళయిందో లేదో తేల్చుకుని గానీ వదలదు. ఆమెను నమ్మొచ్చు. రోమ్ టెర్మినీ స్టేషన్లో టికెట్ మెషీన్ ముందు తికమకపడుతుంటే తనంతట తాను వచ్చి మీటలు నొక్కిపెట్టేవాణ్ణి మాత్రం నమ్మకు. చిల్లర అడుగుతాడు, లేదా నీ చూపు తెర మీద ఉండగా ఇంకొకడు నీ జిప్పు లాగుతాడు. పారిస్‌లో మోంమార్త్ర్ మెట్ల దగ్గర స్నేహం పేరు చెప్పి చేతికి దారం అల్లేసి డబ్బు గుంజేవాళ్ళదీ ఇదే తంతు.

సాయం కావాలంటే మనిషిని నువ్వే ఎంచుకో. కొట్లో కూర్చున్నవాడు, పిల్లని బండిలో తోసుకెళ్ళే తల్లి, కుక్కని తిప్పుతున్న పెద్దాయన, ఇలా నీకోసం కాచుకుని లేనివాళ్ళని అడుగు. నువ్వు పలకరించందే వాళ్ళు పలకరు. పొగరనుకోకు, ఎదుటివాళ్ళ గొడవలో తలదూర్చకపోవడం అక్కడి మర్యాద. అడిగితే మలుపుదాకా వచ్చి చూపించేవాళ్ళున్నారు. పారిస్‌లో మాత్రం ముందు 'బోంజూర్' అను. అది లేకుండా ప్రశ్న మొదలెడితే మొహం ముడుచుకుంటారు.

స్నేహాలు ఈఫిల్ టవర్ కింద కాదు, హాస్టల్ వంటింట్లో కుదురుతాయి. బొంబాయి రవ్వ, పోపు సామాను పట్టుకెళ్ళు. ఉప్మా వాసనకి ఇద్దరైనా తొంగిచూస్తారు. నెయ్యి మాత్రం వద్దు, పాలతో, మాంసంతో చేసినవేవీ బయటిదేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు. పలాస జీడిపప్పు పట్టుకెళ్ళు గానీ, ఎవరికైనా పెట్టేముందు పడుతుందో లేదో అడుగు. అవి తింటే ప్రాణం మీదికొచ్చేవాళ్ళుంటారు.

ఫ్లోరెన్సులో ఒకసారి రైళ్ళ సమ్మెకి చిక్కుకున్నాను. బోర్డు మీద అన్నీ రద్దే. నాలాగే మెడ పైకెత్తి చూస్తున్న ఒక పోర్చుగీసు టీచరమ్మని అడిగాను. పనిదినాల్లో సమ్మె ఉన్నా పొద్దున్న 6 నుంచి 9 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా కొన్ని రైళ్ళు నడపాలని ఇటలీలో నియమమట. కొరియా కుర్రాడొకడు కూడా మాతో కలిశాడు. సాయంత్రందాకా ఆర్నో నది ఒడ్డున వంతులేసుకుని సామాను కాశాం. ఆవిడ ఇప్పటికీ ఉగాదికి శుభాకాంక్షలు పంపుతుంది. పండగ ఏ తేదీనో ఏటా నన్నే అడుగుతుంది. నీలాగే ఇరుక్కున్నవాళ్ళతో స్నేహానికి జంకకు. వాళ్ళకి సంచీ అప్పజెప్పొచ్చు, పాస్‌పోర్టు మాత్రం కాదు.

అది పోతే యాత్ర ముగిసినట్టే. ముందు పోలీసు రిపోర్టు, తర్వాత మన రాయబార కార్యాలయం. వాళ్ళిచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇండియాకి తిరిగి రావడానికే పనికొస్తుంది. షెంజెన్ వీసా పోయిన పుస్తకంలోనే ఉంటుంది మరి. ఫోను పోయినా ఇబ్బందే, మన బ్యాంకుల ఓటీపీలు దానికే వస్తాయి. రెండు కార్డులు రెండు చోట్ల పెట్టు, కొన్ని యూరోలు విడిగా దాచు, ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసుకో. ఏ ఆపదొచ్చినా 112 కొట్టు, ఆ యూనియన్ అంతటికీ అదే నంబరు. వీసా కోసం కట్టిన 30,000 యూరోల బీమా ఆస్పత్రి ఖర్చుకి. పోయిన ఫోనుకీ వస్తుందనుకోకు.

రోజూ ఏదో ఒకటి రాయి. 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య 1831లో తిరుగుదారిలో మన శ్రీకాకుళం మీదుగానే వెళ్ళాడు. పెద్ద పరివారం వెంట ఉన్నా, ఏ మజిలీలో నీళ్ళెలా ఉన్నాయి, ఏ సరుకు దొరుకుతుంది అన్నవి కనుక్కుని రాసుకున్నాడు. వాటిని స్నేహితుడు శ్రీనివాస పిళ్ళైకి ఉత్తరాలుగా పంపాడు. కట్టడాల వర్ణన ఇంటర్నెట్టులో బోలెడుంది, నువ్వు ఇలాంటివి రాయి. రోమ్ వీధి కుళాయిల్లో నీళ్ళు చక్కగా తాగొచ్చు, సీసా కొనక్కర్లేదు. ఇది నా వంతు.

వెళ్ళేముందు ఒక ఆదివారం నిండు సంచీ తగిలించుకుని శాలిహుండం కొండెక్కు. పైన బౌద్ధస్తూపాల దగ్గర కూర్చుని, బరువనిపించినవన్నీ తీసి పక్కన పెట్టు. మీ అమ్మ కుక్కిన దుప్పటితో మొదలెట్టు. హాస్టళ్ళలో పక్కబట్టలు వాళ్ళే ఇస్తారు, నల్లుల భయంతో చాలాచోట్ల సొంతవి రానివ్వరు కూడా. ఈ మాట నేను చెప్పానని మాత్రం ఆవిడతో అనకు.

మావయ్య