నడుచుచున్న కంప్యూటరుకు డిస్కును తగిలించుట: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన జాగ్రత్తలు

గ్రామ పరిపాలనలో కాగితపు దస్తరములతోపాటు కంప్యూటరు కూడ నేడు ముఖ్య సాధనమైనది. 2019 అక్టోబరు 2వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయములు ప్రారంభమైనవి. 2020 ఏప్రిల్ 24వ తేదీన కేంద్ర ప్రభుత్వము ‘ఇ-గ్రామ్ స్వరాజ్’ను ప్రారంభించినది. పంచాయతీ ప్రణాళికలు, జమాఖర్చులు అందు నమోదగుచున్నవి. అట్లు దూరమందలి సర్వరులకు చేరిన లెక్కలకు కార్యాలయములోని యంత్రము చెడినను నష్టము లేదు. కాని తీర్మానముల ముసాయిదాలు, పన్ను జాబితాల పని ప్రతులు, జరిగిన పనుల ఫోటోలు, దరఖాస్తుల స్కానింగు ప్రతులు మొదలగునవి పెక్కు చోట్ల ఆ గదిలోని కంప్యూటరు డిస్కుమీదనే ఉండును. ఆ డిస్కు చెడినచో వానిని తిరిగి సంపాదించుట మిక్కిలి కష్టము.

డిస్కు నిండినపుడు గాని, పాత యంత్రములోని లెక్కలను క్రొత్తదానికి మార్చవలసినపుడు గాని, మరియొక డిస్కును పెట్టె లోపల తగిలించవలసి వచ్చును. అట్టి సమయమున, యంత్రమును ఆపనక్కరలేదనియు, రెండు నిమిషములలో తగిలించవచ్చుననియు చెప్పువారు కలరు. ఆ మాట కొన్ని యంత్రముల విషయమున నిజమే. మరికొన్నింటి విషయమున అనర్థదాయకము. ఏది ఎట్టిదో గుర్తించుటకు వలసిన సంగతులను ఇందు వివరించుచున్నాము.

డిస్కు పనిచేయు విధము

సాధారణ హార్డు డిస్కులో అద్దమువలె నునుపైన పళ్లెములుండును. అవి నిమిషమునకు 5,400 లేక 7,200 సార్లు తిరుగుచుండును. వ్రాయు ముల్లు ఆ పళ్లెమును తాకకుండ, దానికి అత్యంత సమీపముగా కదలుచుండును. తిరుగుచున్న డిస్కును చేతితో వంచినను, కుదిపినను ముల్లు పళ్లెమునకు తగులవచ్చును. తగిలినచోట వ్రాసియున్నది చెడిపోవును. ఎస్.ఎస్.డి. అను క్రొత్త రకములో తిరుగు భాగములు లేవు గనుక ఈ భయము లేదు.

రెండవ సంగతి మరింత ముఖ్యమైనది. మనము ‘సేవ్’ నొక్కిన వెంటనే లెక్క అంతయు డిస్కుమీదికి చేరదు. కొంత భాగము కొద్దిసేపు జ్ఞాపకశక్తి విభాగములో నిలిచి, పిమ్మట వ్రాయబడును. పూర్వము కరణము లెక్క వ్రాయుచుండగా పుస్తకమును లాగికొనినచో ఆ పద్దు సగములో ఆగిపోయెడిది. నడుచుచున్న డిస్కును చెప్పకుండ లాగినపుడు జరుగునదియు అదియే. పుస్తకములో ఒక్క పద్దు మాత్రమే చెడును. డిస్కులో ఒక్కొక్కప్పుడు విషయసూచికయే చెడి, లోపలి ఫైళ్లన్నియు కనబడకుండ పోవును.

ఏ డిస్కులకు ఈ సౌకర్యము కలదు?

వెడల్పైన 40 పిన్నుల పట్టీ తీగెతో తగిలించు ఐ.డి.ఇ. డిస్కులు పాత యంత్రములలో ఉండును. వీనిని యంత్రము నడుచుచుండగా ఎన్నడును తగిలించరాదు, తీయరాదు. మదర్‌బోర్డుమీదనే చిన్న పలకవలె బిగించు ఎమ్.2 డిస్కుల విషయమునను ఇదే నియమము పాటింపవలెను.

2003లో వెలువడిన ‘సాటా’ పద్ధతి వేరు. ఇందు సమాచారమునకు 7 పిన్నుల సన్నని తీగెయు, విద్యుత్తునకు 15 పిన్నుల తీగెయు ఉండును. ఈ పద్ధతిని రూపొందించినవారు నడుచుచున్న యంత్రమునకు తగిలించు అవసరమును ముందే ఊహించిరి. తగిలించునపుడు ఎర్తు పిన్నులు ముందుగా కలిసి, మిగిలినవి తరువాత కలియునట్లు పిన్నుల పొడవులలో భేదము పెట్టిరి. దీనివలన విద్యుత్తు ఒక్కుమ్మడిగా ప్రవహించి సున్నితమైన భాగములు చెడకుండును.

అయినను సాటా డిస్కు అయినంత మాత్రమున చాలదు. మదర్‌బోర్డు ‘ఎ.హెచ్.సి.ఐ.’ పద్ధతిలో పనిచేయుచుండవలెను. బయోసులో ఆ పోర్టుకు ‘హాట్ ప్లగ్’ అనుమతి ఇచ్చియుండవలెను. డిస్కును సొరుగువలె లోనికి త్రోయుటకు వీలైన ప్రత్యేకమైన అర ఉండవలెను. ఆ అరలో డిస్కు తిన్నగా జరిగి, పిన్నులు సక్రమమైన వరుసలో కలియును. చేతితో తీగెలు తగిలించు మామూలు పెట్టెలో ఆ భరోసా లేదు. తీగె వంకరగా దూరవచ్చును. స్క్రూ జారి మదర్‌బోర్డుమీద పడవచ్చును. పాత 4 పిన్నుల విద్యుత్ తీగెకు అడాప్టరు తగిలించి వాడునపుడు పిన్నుల వరుసక్రమము అసలే ఉండదు. కావున ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను, యంత్రమును ఆపి, ప్లగ్గును గోడనుండి తీసిన పిమ్మటనే పెట్టెను తెరువవలెను.

తగిలించునపుడు

ముందుగా ముఖ్యమైన ఫైళ్లకు వేరొక ప్రతి తీసికొనవలెను. పెట్టె యొక్క రంగు వేయని లోహభాగమును తాకి, ఒంటిలోని స్థిర విద్యుత్తును పోగొట్టుకొనవలెను. డిస్కును అంచులయందు మాత్రమే పట్టుకొని, అరలోనికి ఆగకుండ, తిన్నగా, చివరివరకు త్రోయవలెను. తిరుగుట ప్రారంభించునపుడు డిస్కు అధికముగా విద్యుత్తును తీసికొనును. సప్లై బలహీనమైనదైనచో యంత్రము మొత్తము ఆగిపోవచ్చును. కావున అప్పుడు ఇతర పనులేవియు తెరచియుండరాదు.

డిస్కు వెంటనే కనబడనిచో తొందరపడి మరల లాగరాదు. విండోసులోని ‘డిస్క్ మేనేజ్‌మెంట్’లో ‘రీస్కాన్ డిస్క్స్’ నొక్కవలెను. లెక్కలున్న పాత డిస్కును తగిలించినపుడు ‘ఇనీషియలైజ్’ లేక ‘ఫార్మాట్’ చేయుమందురా అని యంత్రము అడిగినచో ఎట్టి పరిస్థితిలోను అంగీకరింపరాదు. అది ఖాళీ డిస్కునకు వేయవలసిన ప్రశ్న. పాత డిస్కు విషయమున ఆ ప్రశ్న వచ్చినదనిన ఏదో లోపము కలదని గ్రహించి, అక్కడనే ఆపి, తెలిసినవారికి చూపవలెను.

తీయునపుడు

విండోసు ఉన్న డిస్కును యంత్రము నడుచుచుండగా ఎన్నటికిని తీయరాదు. రెండవ డిస్కును తీయుటకు ముందు దానిమీది ఫైళ్లన్నియు మూసి, ‘సేఫ్లీ రిమూవ్ హార్డ్‌వేర్’ గుర్తును నొక్కవలెను. ఆ గుర్తు లేనిచో డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ డిస్కును ‘ఆఫ్‌లైన్’ చేయవలెను. పిమ్మట అరలో కొద్దిగా వెనుకకు జరిపి, పిన్నులు విడివడిన తరువాత, పళ్లెములు పూర్తిగా నిలుచుటకు అర నిమిషము వేచియుండి, అప్పుడు బయటకు తీయవలెను.

సభ్యుల బాధ్యత

ఈ పనిని సభ్యులు స్వయముగా చేయనక్కరలేదు. కాని చేయించునపుడు నాలుగు ప్రశ్నలు అడుగుట వారి విధి. వేరొక ప్రతి తీసితిరా? ఆ ప్రతిని తెరచి చూచితిరా? ఈ యంత్రములో హాట్ ప్లగ్ సౌకర్యము కలదా? తీసిన పాత డిస్కు ఎచట ఉంచెదరు?

చివరి ప్రశ్నను తేలికగా తీసికొనరాదు. ఫైళ్లను తుడిచివేసినను అవి డిస్కుమీద పూర్తిగా మాసిపోవు. నేర్పరులు వానిని తిరిగి చదువగలరు. అందు గ్రామస్థుల ఆధార్ ప్రతులు, బ్యాంకు ఖాతాల వివరములు ఉండవచ్చును. కనుక పాత డిస్కును మరమ్మతుదారుని చేతికి విడువక, రిజిస్టరులో నమోదు చేసి, కార్యాలయపు బీరువాలో తాళము వేసి ఉంచవలెను.

కంప్యూటరును ఆపి, తిరిగి నడుపుటకు పట్టు కాలము ఐదు నిమిషములు. ఆ ఐదు నిమిషములు వరుసలో నిలిచినవారికి కొంత విసుగు కలిగించును. కాని పోయిన దరఖాస్తును మరల వ్రాయుటకు వృద్ధులు, వితంతువులు తిరిగి కార్యాలయము చుట్టు తిరుగవలసివచ్చినచో, ఆ శ్రమకు అంతముండదు. సౌకర్యమున్నచోట క్రమము తప్పక వాడుకొని, లేనిచోట యంత్రమును ఆపి పనిచేయించిన పంచాయతీ తన ప్రజల పత్రములను కాపాడుకొన్నదగును.