శరణాగతి: వ్యసనపీడితునకు, హింసాపీడితకు

వ్యసనమునకు లోబడినవాడును, వాని చేతి హింసకు గురియైన స్త్రీయును తరచుగ ఒకే ఇంటిలో నివసింతురు. ఇరువురికిని భగవంతుని శరణు వేడుమని పెద్దలు చెప్పుదురు. ఆ మాట సత్యమే. కాని ఇరువురికిని దాని అర్థము ఒక్కటి కాదు. ఈ భేదమును గుర్తింపని ఉపదేశము ఒకరికి ఔషధమై, మరియొకరికి విషమగును.

1. వ్యసనపీడితుడు

“నేటితో మానివేయుదును” అను ప్రతిజ్ఞ ఉదయమున పుట్టి సాయంకాలమునకు నశించును. బంధువులు దానిని కపటమని తలంతురు. నిజమునకు, ఏ ఇచ్ఛాశక్తితో మానవలెనో ఆ శక్తియే రోగగ్రస్తమైనది.

వంగదేశపు నాటకకర్త గిరీశచంద్ర ఘోషు (1844–1912) మద్యమునకు దాసుడు. 1884లో ఆయన ‘చైతన్యలీల’ నాటకమును చూచుటకు శ్రీరామకృష్ణులు నాటకశాలకు వచ్చిరి. తరువాత గిరీశుడు వారి నాశ్రయించెను. గురుదేవులు మద్యమును మానుమని ఆజ్ఞాపింపలేదు. ఉదయసాయంకాలములందు భగవంతుని స్మరింపుమనిరి. అందులకును ఆతడు మాట ఈయలేకపోయెను. అప్పుడు తన భారమంతయు తమకు అప్పగింపుమనిరి. గిరీశుడు తేలికపడెను. కాని భారమును అప్పగించినవాడు “నేను చేయుదును” అని పలుకరాదనియు, అడుగడుగునను తన్ను మోయువానినే తలపవలెననియు క్రమముగ గ్రహించెను.

తన శక్తి చాలదని ఒప్పుకొనుటయే తొలి మెట్టని 1935లో అమెరికాలో పుట్టిన ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ సంఘము కూడ బోధించుచున్నది. ఆ సంఘము మన దేశమున 1957లో ఢిల్లీ నగరముననే ఆరంభమైనది.

శరణాగతి వైద్యమును త్రోసిపుచ్చదు. చిరకాలము అధికముగ త్రాగినవాడు హఠాత్తుగ మానినచో వణకు, మూర్ఛ, మతిభ్రమణము కలిగి ప్రాణాపాయము కూడ సంభవింపవచ్చును. కావున వైద్యుని పర్యవేక్షణ అవసరము. ఢిల్లీలోని ఎయిమ్స్ సంస్థ 1988లో వ్యసన చికిత్సాకేంద్రమును నెలకొల్పినది. అది నేడు సమీపమునగల ఘజియాబాదులో పనిచేయుచున్నది. ఆ కేంద్రము నిర్వహించి, 2019లో ప్రకటింపబడిన జాతీయ పరిశీలన ప్రకారము, మద్యమునకు బానిసలైనవారిలో చికిత్స పొందినవారు 38 మందికి ఒక్కరు మాత్రమే.

2. హింసాపీడిత

ఈమెకు “ఓర్చుకొనుము, ఇది నీ కర్మము” అని చెప్పుట ధర్మము కాదు. శ్రీరామకృష్ణులు చెప్పిన సర్పకథ సుప్రసిద్ధము. కాటు వేయవలదని సాధువు చెప్పగా పాము సాధువర్తనమున నుండెను. బాలురు దానిని కొట్టి చావునకు చేరువ చేసిరి. కాటు వలదంటిని గాని బుసకొట్టవలదంటినా యని సాధువు మందలించెను.

సర్వస్వమును భగవంతునకు సమర్పించినచో ఈ దేహమును ఆయనదే. దానిపై చేయి చేసికొను అధికారము భర్తకు గాని, మరెవ్వరికి గాని లేదు. కావున ఆమె ఆత్మరక్షణ శరణాగతికి విరుద్ధము కాదు, దానిలోని భాగమే. 2005 నాటి గృహహింస నిరోధక చట్టము ఆమెకు ఆ ఇంటిలోనే నివసించు హక్కును, న్యాయస్థానపు రక్షణను కల్పించినది. 181 సంఖ్యకు ఫోను చేసి సహాయము కోరవచ్చును.

క్షమ గొప్ప గుణమే. కాని అది బలము చేకూరిన పిమ్మట పండు ఫలము. గాయము పచ్చిగానున్నప్పుడు ఇతరులు అడిగి పుచ్చుకొనునది కాదు. క్షమించినను ఆ ఇంటికి తిరిగి పోవలెనను నియమము లేదు.

3. సాధకుల కర్తవ్యము

దుఃఖితులు నోరు విప్పినపుడు మొదట వినవలెను, నమ్మవలెను. “ఇన్నాళ్ళు ఎందులకు చెప్పలేదు?” అని అడుగరాదు. త్రాగువానిని అసహ్యించుకొనక వైద్యాలయమునకు తోడుగ పోవలెను. మరల జారినను విడువరాదు. అయితే వానిపై జాలితో ఆమెను ప్రమాదములోనికి త్రోయరాదు.

ఒకనికి “నీ వల్ల కాదు, ఆయనను పట్టుకొనుము” అనియు, మరియొకరికి “ఆయన నీలో ఉన్నాడు, లెమ్ము” అనియు చెప్పవలసియున్నది. ఎవరికి ఏ మాట అవసరమో తెలిసి పలుకుటయే నిజమైన సేవ.