దంతవైద్య కళాశాలల ప్రవేశములు – న్యాయవిచారణ

ప్రతి సంవత్సరమును ప్రవేశపరీక్షా ఫలితములు వెలువడిన పిమ్మట, బై.పి.సి. చదివిన మా విద్యార్థులలో కొందరు మా గదికి వచ్చి నిలబడుదురు. వారడుగు ప్రశ్న ఒక్కటే. "సార్, సీటు రాలేదు. మా చదువే తక్కువైనదా, లేక ఇంకేమైన ఉన్నదా?" తెలుగు పాఠములు చెప్పుకొను వారము గనుక వైద్యవిద్యను గూర్చి మాకు తెలిసినది స్వల్పము. నాలుగు ఓదార్పు మాటలు చెప్పి పంపుట మాకు సులభము. కాని ఓదార్పు వేరు, సమాధానము వేరు. ఎం.బి.బి.యస్. తరువాత మన పిల్లలు ఎక్కువగా కోరు చదువు బి.డి.యస్., అనగా నాలుగేండ్ల దంతవైద్య విద్య, ఆపై ఒక యేడాది ఆసుపత్రి శిక్షణ. ఆ చదువునకు వాకిలి ఎవరికి, ఏ లెక్కన తెరవబడవలెను అను విషయమును ఈ వ్యాసమున మేము యథాశక్తి పరిశీలింపదలచినాము.

దూరదేశపు ఉదాహరణము

మొదట మనకు సంబంధము లేని ఒక దేశపు సంగతి చెప్పుదుము. పరాయివారి తగవును చూచునపుడు మన మనస్సు ఆవేశపడక విషయమును గ్రహించును.

అమెరికా దేశమున అట్లాంటా నగరములో ఎమొరీ విశ్వవిద్యాలయము కలదు. 1948 నుండి 1961 వరకు దాని దంతవైద్య కళాశాలకు జాన్ బుహ్లర్ అను నాతడు అధిపతిగా నుండెను. ఆ కాలమున అచట చేరిన యూదు విద్యార్థులలో నూటికి 65 మంది చదువు తప్పి వెళ్ళిపోవుటయో, చదివిన తరగతినే మరల చదువవలసి వచ్చుటయో జరిగినది. కళాశాల దరఖాస్తు పత్రమున శ్వేతజాతివారు, యూదులు, ఇతరులు అను మూడు గడులుండి, వానిలో నొకటి గుర్తింపవలసి యుండెను. యూదుల హక్కులకై పనిచేయు ఒక సంస్థ ప్రాంతీయ శాఖ ఈ సంఖ్యలను సేకరించి పట్టికగా వేసి విశ్వవిద్యాలయము ముందుంచినది. 1961లో ఆ అధిపతి పదవిని వీడెను. కాని వివక్ష జరిగినదని విశ్వవిద్యాలయము అప్పుడు ఒప్పుకొనలేదు.

పెర్రీ బ్రిక్‌మన్ అను విద్యార్థి 1952లో, మొదటి సంవత్సరము ముగిసిన పిదప, ఆ కళాశాలనుండి తొలగింపబడెను. అతడు టెనెస్సీ విశ్వవిద్యాలయమున చేరి చదువు పూర్తిచేసి, అట్లాంటాలోనే నోటి శస్త్రవైద్యుడుగా చిరకాలము పనిచేసెను. తనకు జరిగినదానిని గూర్చి దశాబ్దముల తరబడి ఎవరితోను మాటలాడలేదు. 2006లో ఆ విశ్వవిద్యాలయమున జరిగిన ఒక ప్రదర్శనలో ఆ పాత సంఖ్యల పట్టిక ఆయన కంటబడినది. అప్పుడు గాని తాను ఒంటరి కాడని ఆయనకు తెలియలేదు. తనవంటి వారిని వెదకి, వారి మాటలను కెమేరాతో చిత్రించి, విశ్వవిద్యాలయమునకు చూపెను. 2012 అక్టోబరు 10వ తేదీన అధ్యక్షుడు జేమ్స్ వాగ్నర్ ఆ పూర్వ విద్యార్థులను సభకు పిలిచి బహిరంగముగా క్షమాపణ చెప్పెను. అప్పటికి ఆ దంతవైద్య కళాశాలయే మూతపడి యుండెను.

యూదులకు జరిగిన అన్యాయమును ముస్లిము అధ్యాపకుడు ఉదాహరించుట ఏల అని ఎవరైన అడుగవచ్చును. తూకము తప్పినచోట కొన్నవాడు ఎవడని అడుగము, తక్కెడను చూతుము.

ఈ వృత్తాంతమున మనము గ్రహింపవలసినవి మూడు కలవు. మొదటిది: ప్రవేశము దొరికినంతమాత్రమున న్యాయము పూర్తి కాదు. ఆ విద్యార్థులకు సీటు దొరకినది, కాని లోపల మెట్లు విరిగియుండెను. రెండవది: తప్పిన ప్రతివాడును తానే మందమతి ననుకొని, సిగ్గుతో ఇంటివారికి సైతము చెప్పుకొనక మౌనము వహించెను. మౌనమే ఆ అన్యాయమునకు రక్షయైనది. మూడవది: ఆ మౌనమును ఛేదించినది ఉపన్యాసము కాదు, ఒక పట్టిక. ఒక్కని ఓటమి అతని సొంతకథ వలె కనిపించును. నూరుగురి ఓటమిని వరుసగా వ్రాసి చూచినపుడే దాని రూపము తెలియును.

మన దేశమున నడచిన త్రోవ

భారతదేశమున మొదటి దంతవైద్య కళాశాలను 1920లో కలకత్తా నగరమున స్థాపించినవారు డాక్టరు రఫీయుద్దీన్ అహమ్మదు. ఆయన అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున పట్టము పొంది స్వదేశమునకు తిరిగివచ్చినవారు. 1964లో భారత ప్రభుత్వము ఆయనను పద్మభూషణ బిరుదముతో గౌరవించెను. ఆ కళాశాల నేటికిని ఆయన పేరనే కలదు. ఈ విద్య తమది కాదేమోనని జంకు మన విద్యార్థులు, దీనికి ఈ దేశమున పునాది వేసినవారిని ఒకమారు స్మరింతురు గాక.

సీట్లను ఎట్లు పంచవలెనను వివాదము మన ప్రాంతమునకు సన్నిహితమైనది. కోస్తా ఆంధ్రము, రాయలసీమ చేరియున్న నాటి మద్రాసు రాష్ట్రమున వైద్య, ఇంజనీరింగు కళాశాలల సీట్లను ప్రభుత్వ ఉత్తరువు ననుసరించి పదునాలుగేసి చొప్పున పంచుచుండిరి. అందు బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియనులకును భారతీయ క్రైస్తవులకును 1, ముస్లిములకు 1. 1951లో చంపకం దొరైరాజన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ ఉత్తరువును కొట్టివేసినది. ఆ యేడే పార్లమెంటు రాజ్యాంగమును మొదటిసారి సవరించి, 15వ అధికరణమున 4వ ఉపనిబంధనను చేర్చినది. సాంఘికముగను విద్యావిషయికముగను వెనుకబడిన తరగతులకును, షెడ్యూల్డు కులములకును, తెగలకును ప్రత్యేక సదుపాయములు కల్పించు అధికారము రాజ్యమునకు దీనివలన కలిగినది. 1962లో బాలాజీ వ్యాజ్యమున, అట్టి కేటాయింపు సామాన్యముగా నూటికి యాబదికి మించరాదని సుప్రీంకోర్టు పలికినది.

ఇచట భేదమును గమనింపవలెను. 1951కి పూర్వపు ఉత్తరువు ప్రతి మతమునకు, వర్గమునకు ఒక గడి గీచినది. సవరణ తరువాతి పద్ధతి వెనుకబాటును కొలిచి, దానికి తగిన ఆసరా ఇచ్చునది. మన రాష్ట్రములలోని బి.సి.–ఇ వర్గము ఈ రెండవ త్రోవలోనిదే. 2007లో చేయబడిన శాసనము ముస్లిములందరికిని గాక, సాంఘికముగా వెనుకబడినవని గుర్తించిన సమూహములకు మాత్రమే నూటికి 4 వంతులు కేటాయించినది. 2010లో హైకోర్టు దానిని కొట్టివేయగా, ఆ యేడే మార్చినెలలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తరువుచే 14 సమూహములకు సదుపాయము కొనసాగుటకు వీలు కల్పించినది. కనుక ఇది దయాధర్మము కాదు, వెనుకబాటు లెక్కపై నిలిచినది. లెక్క సరిగా నున్నంతవరకే అది నిలుచును.

ప్రతిభ యనగా నేమి?

కేటాయింపుల మాట రాగానే కొందరు ప్రతిభకు అన్యాయము జరుగుచున్నదందురు. వారి మాటను త్రోసివేయరాదు. రేయింబవళ్ళు చదివిన పిల్లవానికి సీటు చేజారినపుడు కలుగు దుఃఖము నిజమైనది. అందరికిని ఒకే పరీక్ష, ఒకే కొలత ఉండుటయు మంచిదే. కొలత లేనిచోట సిఫారసును, సొమ్మును రాజ్యమేలును. 1983లో ఆంధ్రప్రదేశమున క్యాపిటేషన్ ఫీజును నిషేధించుచు శాసనము చేయవలసివచ్చుటకు కారణము అదియే.

కాని మార్కు ఒక్కటే ప్రతిభ కాదు. నీట్ పరీక్షకు మార్కులు 720. ఆ మార్కులను సంపాదించుటలో విద్యార్థి బుద్ధితో పాటు కోచింగు ఫీజు, ఇంటిలో చదువుకొను చోటు, ప్రశ్నపత్రపు భాష మొదలగు సంగతులెన్నియో కలసియుండును. నీట్ ప్రశ్నపత్రము తెలుగున 2017 నుండి లభించినది. ఉర్దూలో నడపవలెనని 2017లో సుప్రీంకోర్టు ఆదేశింపగా 2018 నుండి లభించినది. అనగా అంతకు ముందటి సంవత్సరము వరకు ఉర్దూ మాధ్యమమున చదివిన బాలిక, జీవశాస్త్రముతో పాటు పరాయి భాషను గూడ జయింపవలసియుండెను. ఆమె కోల్పోయిన మార్కులు జీవశాస్త్రమునకు సంబంధించినవా, భాషకు సంబంధించినవా? 2022లో అఖిలభారత కోటా వైద్య, దంతవైద్య సీట్లలో వెనుకబడిన తరగతుల కేటాయింపును సమర్థించుచు సుప్రీంకోర్టు చెప్పిన సారాంశము ఇదియే: పరీక్షలో వచ్చిన మార్కులను సామాజిక పరిస్థితులనుండి వేరుచేసి ప్రతిభయని పిలువరాదు.

కనీసపు మార్కు అనునది గూడ మార్పరాని శిలాశాసనము కాదు. 2020–21 విద్యాసంవత్సరమున దేశమున సుమారు 7,000 బి.డి.యస్. సీట్లు ఖాళీగా మిగిలినవి. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ యేటికి కనీసార్హతను పది పర్సెంటైళ్ళు తగ్గింపుమని ఆదేశించెను. ఒకవైపు సీట్లు ఖాళీ, మరొకవైపు సీటు లేదని ఏడ్చు పిల్లలు. ఈ రెంటికిని నడుమ నిలిచినది మార్కు మాత్రమే కాదు. ప్రైవేటు కళాశాలల ఫీజు గూడ నిలిచినదని ఆ వ్యాజ్యముననే కోర్టు గమనించినది.

ప్రైవేటు కళాశాలలు, అల్పసంఖ్యాక కళాశాలలు

2005లో ఇనాందార్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ప్రవేశములకు మూడు గుణములు ఉండవలెనని నిర్దేశించినది. అవి న్యాయముగా నుండవలెను, పారదర్శకముగా నుండవలెను, దోపిడీ లేకుండ నుండవలెను. 2016లో, దంతవైద్య కళాశాల పేరిటనే ప్రసిద్ధమైన మోడరన్ డెంటల్ కాలేజీ వ్యాజ్యమున, మధ్యప్రదేశ ప్రభుత్వము ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలకు ఉమ్మడి పరీక్షను, ఫీజు నియంత్రణమును విధించుటను సమర్థించినది. 2020లో, నీట్ పరీక్ష అల్పసంఖ్యాక సంస్థలకును వర్తించుననియు, దానివలన 30వ అధికరణపు హక్కునకు భంగము లేదనియు తీర్పు చెప్పినది.

ఈ చివరి తీర్పును మనవారిలో కొందరు నష్టముగా తలచిరి. మేము అట్లు తలపము. రాజ్యాంగము 30వ అధికరణమున ఇచ్చిన హక్కు, మన పిల్లలు చదువుకొనుటకై ఇచ్చినది. ఆ హక్కు పేరు చెప్పి సీటును మూసిన గదిలో బేరమాడినచో, మొదట నష్టపోవునది మన సమాజములోని పేదపిల్లయే. అల్పసంఖ్యాక కోటాలోని సీటు సైతము వరుస తప్పక, జాబితా గోడపై అంటించి, కారణము అడిగిన వారికి చెప్పి ఇవ్వవలెను. ఇతరులనుండి మనము న్యాయము కోరునపుడు మన తక్కెడను ముందుగా సరిచూచుకొనుట మర్యాద.

చేయదగిన పనులు

కడచిన యేండ్లలో ఒకసారి మా విద్యార్థిని యొకతె ర్యాంకు తెచ్చుకొనియు, వర్గ ధ్రువపత్రము సకాలమున అందక కౌన్సెలింగునాడు సాధారణ జాబితాలోనే నిలిచి సీటు పోగొట్టుకొన్నది. ఏ ఆఫీసు తప్పో వెదకుట ఇచట మా ఉద్దేశము కాదు. తండ్రికి చదువు రాదు, ఆమెకు తెలియదు. తెలిసిన మేము అడుగలేదు. ఆ తప్పులో మాకును భాగమున్నదని నేటికిని అనుకొనుచుందుము.

కావున కళాశాల సంఘమువారికి మా విన్నపములు ఇవి. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము మొదటి నెలలోనే బై.పి.సి. విద్యార్థుల కుల, ఆదాయ, స్థానికత, అల్పసంఖ్యాక ధ్రువపత్రములను పరిశీలించి, లేనివారిచే దరఖాస్తు పెట్టింపవలెను. కౌన్సెలింగు నియమములను తెలుగునను ఉర్దూలోను సులభమైన మాటలతో అచ్చువేసి ఇండ్లకు పంపవలెను. ముఖ్యముగా ఒక చిట్టా పుస్తకము తెరువవలెను. ఆ యేడు ఎందరు పరీక్ష వ్రాసిరి, ఎందరు అర్హులైరి, ఎందరు చేరిరి, చేరినవారిలో ఎందరు చదువు ముగించిరి, ముగింపనివారు ఏ కారణమున మానిరి అను వివరములు అందు వ్రాయవలెను. ఎమొరీ విద్యార్థులకు ఉపకరించినది అట్టి కాగితమే. పదేండ్ల చిట్టా చేతనుండినచో, మన లోపమెంత, ఇతరుల లోపమెంత అనునది ఊహ కాక లెక్క అగును.

విద్యార్థులారా! మీరు మా గదికి వచ్చి అడిగిన ప్రశ్నకు మా సమాధానము ఇది. సీటు రానపుడు మొదట మీ జవాబుపత్రమును మీరే నిర్దాక్షిణ్యముగా చూచుకొనుడు. చదువవలసిన పాఠము మిగిలియున్నచో చదువుడు. లోకముపై నింద వేయకుడు. కాని చదువు సరిగానున్నను వాకిలి తెరుచుకొననపుడు, లోపము నాదేయని తలవంచి మౌనముగా ఇంటికి పోవలదు. మీ ప్రక్కవానిని అడుగుడు, వాని ప్రక్కవానిని అడుగుడు, అడిగినది వ్రాసిపెట్టుడు. సీటు రానివారు వచ్చినపుడు గూడ మా గది తలుపు తెరచియే యుండును. ఈ యేటినుండి మా బల్లపై ఆ చిట్టా పుస్తకము ఉండును. మొదటి పుటలో ఆ విద్యార్థిని సంగతిని, పేరు వ్రాయక, మేమే వ్రాసితిమి.