ఉప్పు, పంచదార, నీళ్ళు

చిన్నపిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి. నీళ్ళలా పోతాయి. ఒక్క పూటలోనే పిల్ల వాడిపోతుంది. కళ్ళు గుంటలు పడతాయి. నోరు ఎండిపోతుంది. ఏడ్చినా కన్నీరు రాదు.

ఎందుకిలా? ఒంట్లో ఉన్న నీరు, ఉప్పు బయటికి పోతున్నాయి. వాటిని మళ్ళీ ఇవ్వకపోతే ప్రాణానికే ముప్పు.

"నీళ్ళు తాగిస్తే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి" అని కొంతమంది అంటారు. గుక్కెడు నీళ్ళు కూడా పట్టరు. ఇది తప్పు. ఎండిపోయే మొక్కకు నీళ్ళు ఆపుతామా?

పరిశోధనలో ఏం తెలిసింది?

ఒకప్పుడు సూదితో సెలైన్ ఎక్కించడమే పెద్ద వైద్యం. దానికి ఆసుపత్రి కావాలి. డబ్బు కావాలి. 1960 ప్రాంతంలో శాస్త్రవేత్తలు పేగులను పరిశోధించారు. ఒక సంగతి తెలిసింది. ఉప్పుకు గ్లూకోజు తోడైతే పేగు ఆ రెండింటినీ కలిపి పీల్చుకుంటుంది. వాటి వెంట నీరు కూడా ఒంట్లోకి పోతుంది. విరేచనాలు అవుతున్నా ఈ పని ఆగదు.

1968లో ఢాకాలో కలరా రోగులకు ఇలాంటి నీళ్ళు తాగించి చూశారు. సెలైన్ అవసరం బాగా తగ్గింది.

1971లో ఏం జరిగింది?

ఆ ఏడు తూర్పు పాకిస్తాన్‌లో యుద్ధం వచ్చింది. అదే ఇప్పటి బంగ్లాదేశ్. లక్షల మంది ప్రాణాలు అరచేత పట్టుకుని మన దేశానికి వచ్చారు. పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో వాళ్ళకు కలరా సోకింది. సెలైన్ సీసాలు చాలలేదు.

అక్కడ డాక్టర్ దిలీప్ మహలనబిస్ పనిచేస్తున్నారు. ఆయన ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కొలిచి నీళ్ళలో కలిపించారు. తాగించింది ఎవరు? రోగుల తల్లులు, చుట్టాలు. పక్కనే కూర్చుని తాగించారు.

అంతకుముందు శిబిరాల్లో కలరా వచ్చిన 100 మందిలో 30 మంది దాకా చనిపోయేవారు. ఈ నీళ్ళు తాగించిన చోట 100కి నలుగురు కూడా చనిపోలేదు. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని అన్ని దేశాలకూ చెప్పింది. కోట్ల ప్రాణాలు నిలిచాయి. దీన్నే ఓ.ఆర్.ఎస్. అంటారు.

ఎలా కలపాలి?

ఓ.ఆర్.ఎస్. పొట్లం ఆరోగ్య కేంద్రంలో, ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతుంది. ఎన్ని నీళ్ళు పోయాలో పొట్లం మీద ఉంటుంది. చదివి కలపండి.

పొట్లం లేకపోతే:
1. ఒక లీటరు నీళ్ళు కాచి చల్లార్చండి.
2. టీ చెంచాతో 6 చెంచాల పంచదార వెయ్యండి.
3. అర చెంచా ఉప్పు వెయ్యండి.

చెంచా అంచుకు సమంగా కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. రుచి చూడండి. కన్నీళ్ళకన్నా ఉప్పగా ఉండకూడదు. 24 గంటలు దాటితే పారబోయాలి.

కొంచెం కొంచెంగా తాగించాలి. వాంతి అయితే 10 నిమిషాలు ఆగి మళ్ళీ ఇవ్వాలి. తల్లిపాలు, తిండి ఆపకూడదు. జింకు బిళ్ళలు కూడా అడిగి తీసుకోవాలి.

విరేచనంలో రక్తం పడినా, పిల్ల మత్తుగా ఉన్నా, తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి కష్టపడి కనుక్కున్నది ఈనాడు తల్లి చేతిలో ఉంది. తెలిసినవాళ్ళు పక్కింటికి కూడా చెప్పాలి.

జవాబులు రాయండి
1. విరేచనాలప్పుడు ఒంట్లోంచి ఏవి పోతాయి?
2. ఉప్పుతో పాటు పంచదార ఎందుకు వెయ్యాలి?
3. పిల్లను ఎప్పుడు వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి?