శ్రీశైలం నీటిలోని శక్తి

కృష్ణానదిపై శ్రీశైలం జలాశయపు పూర్తి నీటిమట్టం 885 అడుగులు. దిగువనున్న నాగార్జునసాగర్‌ది 590 అడుగులు. రెండూ నిండినప్పుడు తేడా 295 అడుగులు, అంటే సుమారు 90 మీటర్లు. ఈ ఎత్తే విద్యుత్తుకు మూలం.

ఒక ఘనపు మీటరు నీటి ద్రవ్యరాశి 1000 కిలోగ్రాములు. అది 90 మీటర్లు దిగితే కోల్పోయే స్థితిశక్తి 1000 × 9.8 × 90 = 8,82,000 జౌళ్ళు. ఒక యూనిట్ విద్యుత్తు 36,00,000 జౌళ్ళు. కనుక నష్టాలేవీ లేవనుకున్నా, ఒక్క యూనిట్‌కు నాలుగు ఘనపు మీటర్లకు పైగా నీరు దిగాలి.

టర్బైను నీటిని తాగెయ్యదు కదా, మరి చిక్కేమిటి? దిగిన నీరు సాగర్ కాలువలకు పనికివస్తుంది. కాని రాయలసీమకు నీరిచ్చే పోతిరెడ్డిపాడు తూములు శ్రీశైలం జలాశయం మీదనే ఉన్నాయి. మట్టం తగ్గినకొద్దీ వాటిలోకి ప్రవాహం తగ్గుతుంది. దిగిన నీరు తనంతట తాను పైకెక్కదు. అందుకే పంపకాలు చూడడానికి 2014లో కృష్ణానదీ యాజమాన్య బోర్డు ఏర్పడింది.

శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల యంత్రాలు ఆరింటిని నెలకొల్పారు. వెనుకకు తిప్పితే అవే పంపులై నీటిని పైకెక్కించేలా వాటిని నిర్మించారు. విద్యుత్తు మిగిలిన వేళ ఎక్కించి, కొరత వేళ దించుకోవచ్చు. అయితే ఎక్కించడానికి పట్టే విద్యుత్తు, దించినప్పుడు వచ్చేదానికంటె ఎప్పుడూ ఎక్కువే. శక్తి నశించదు గదా! మరి ఆ తేడా ఏమైనట్లు? ఆలోచించండి.